తుల్లియా: జూలియాకు పట్టిన అదృష్టం పట్టని రోమన్ పేరు

పాత రోమ్‌లో ఆడపిల్లలకు ఉండిన పేర్లు కొన్ని ఇప్పటికీ ప్రపంచమంతా తిరుగుతున్నాయి. జూలియా, క్లాడియా, కొర్నేలియా, వలేరియా, ఎమీలియా, సిసిలియా... అన్నీ రెండు వేల ఏళ్లు దాటినవే, అన్నీ లాటిన్‌వే. వీటితో పాటే పుట్టి, అదే పద్ధతిలో తయారై, అదే తీరుగా పలికే పేరు తుల్లియా. రోమ్ రాజుల కాలం కథల్లో ఉంది, రోమన్ వక్త సిసిరో ఉత్తరాల్లో ఉంది, ఇటలీ సాహిత్యంలో ఉంది. అయినా ఈ రోజు ఇటలీ బయట ఎవరైనా ఈ పేరు చెబితే ఎదుటివాళ్లు ‘ఏంటీ?’ అని రెండోసారి అడగాల్సిందే. ఇటలీలోనూ ఇది అరుదే. జూలియా అంతగా పాకి, తుల్లియా ఇంతగా ఎందుకు మిగిలిపోయింది? పేర్ల చరిత్ర చూస్తే దీనికి జవాబు అర్థంలో దొరకదు. ఆ పేరు ఎవరెవరి మీదుగా వచ్చింది, ఎవరు దాన్ని గుడిలో పెట్టి కొలిచారు అన్నదాంట్లో దొరుకుతుంది.

ముందు అర్థం సంగతి తేల్చేయాలి. పిల్లల పేర్ల జాబితాల్లో తుల్లియా పక్కన ‘ప్రశాంతమైనది’ అని ఒకచోట, ‘కీర్తి కోసం పుట్టినది’ అని మరోచోట రాసి ఉంటుంది. లాటిన్‌లో ఈ రెండింటికీ ఆధారం లేదు. మొదటిది ఐర్లండ్‌లోని టల్లీ అనే ఇంటిపేరుకు చెప్పే అర్థం. వినడానికి దగ్గరగా ఉందని ఎవరో తెచ్చి ఇక్కడ అతికించారు. మిగతావాళ్లు చూసి రాసుకుంటూ పోయారు. కూతురికి పేరు వెతుక్కునే తల్లిదండ్రులు ఆ ఒక్క ముక్క చూసే నిర్ణయం తీసుకుంటారు కాబట్టి, ఈ అజాగ్రత్త చిన్న విషయం కాదు.

అసలు తుల్లియా అంటే ‘తుల్లియస్ వంశపు ఆడపిల్ల’. అంతే. రోమన్ మగవాడికి సాధారణంగా మూడు పేర్లు ఉండేవి: సొంత పేరు, వంశం పేరు, ఆ వంశంలో శాఖ పేరు. మార్కస్ తుల్లియస్ సిసిరోలో మార్కస్ సొంత పేరు, తుల్లియస్ వంశం, సిసిరో శాఖ. ఆడపిల్లకు మాత్రం రిపబ్లిక్ (రాజులు పోయాక, చక్రవర్తులు రాకముందు సాగిన పాలన) చివరి కాలానికి సొంత పేరు పెట్టడం దాదాపు లేదు. తండ్రి వంశం పేరు చివర మార్చి పిలిస్తే అదే ఆమె పేరు. జూలియస్ కూతురు జూలియా, క్లాడియస్ కూతురు క్లాడియా, తుల్లియస్ కూతురు తుల్లియా. మన దగ్గర ఇంటిపేరునే పిల్ల పేరుగా పిలిచినట్టు అనుకుంటే సరిపోతుంది. మగపిల్లవాడికి పుట్టిన తొమ్మిదో రోజున, ఆడపిల్లకు ఎనిమిదో రోజున శుద్ధి చేసి పేరు పెట్టేవారు. కానీ ఆడపిల్ల విషయంలో ఆ రోజుకు ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ మిగిలి ఉండేది కాదు.

ఇద్దరు కూతుళ్లు పుడితే ఇద్దరిదీ ఒకే పేరు. జూలియస్ సీజర్ అత్త జూలియా, ఇద్దరు అక్కచెల్లెళ్లూ జూలియాలే, కూతురూ జూలియానే. తేడా తెలియడానికి పెద్ద, చిన్న అనో, ఒకటో పిల్ల, రెండో పిల్ల, మూడో పిల్ల అనో తగిలించేవారు. ఇందులో మనవాళ్లకు ఆశ్చర్యంగా తోచేది ఇంకొకటి ఉంది. పెళ్లయినా ఆ పేరు మారేది కాదు. సిసిరో భార్య టెరెన్షియా చివరిదాకా టెరెన్షియానే. సిసిరో కూతురికి మూడుసార్లు పెళ్లయింది, మూడుసార్లూ ఆమె తుల్లియానే. పుట్టింటి వంశం పేరు ఆడపిల్లను ఎన్నటికీ వదలలేదు.

ఇక తుల్లియస్ అనే మాట ఎక్కడిది? తుల్లస్ అనే పాత సొంత పేరు నుంచి వచ్చిందని చెప్పవచ్చు. రోమ్ మూడో రాజుగా చెప్పే తుల్లస్ హోస్టిలియస్ పేరులో ఉన్నది అదే. తుల్లస్ ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర దారి చీలిపోతుంది. ‘ఎత్తు, పైకి లేపు’ అనే అర్థమున్న లాటిన్ క్రియతో దాన్ని ముడిపెట్టిన పాత వ్యాఖ్యలు ఉన్నాయి. పుట్టిన బిడ్డను తండ్రి ఎత్తుకుని తనదని ఒప్పుకోవడం అని ఒక వివరణ. ఆ లాటిన్ క్రియా, మన త్రాసుకు పేరైన సంస్కృతం ‘తుల’ కూడా ఒకే మూలధాతువు నుంచి వచ్చాయని భాషావేత్తలు చెబుతారు. కానీ తుల్లస్ నిజంగా ఆ క్రియ నుంచే వచ్చిందని రుజువు కాలేదు కాబట్టి తుల్లియాను తులారాశికి చుట్టం చేయడం తొందరపాటు. మరో పాత వివరణ ఈ మాటను ఎగజిమ్మే నీటి ధారకు కలిపింది. రోమ్‌లో ఫోరం అనే ఊరి నడిబొడ్డు కూడలి పక్కన నేల కింద ఉన్న పాత చెరసాలను తుల్లియానమ్ అనేవారు. సెర్వియస్ తుల్లియస్ రాజు కట్టించాడు కాబట్టి ఆ పేరు అని కొందరు, అడుగున నీటి ఊట ఉంది కాబట్టి ఆ పేరు అని కొందరు. అక్కడ ఊట ఉన్న మాట నిజమే.

ఆ సెర్వియస్ తుల్లియస్ సొంత కథ కూడా అంత సూటిగా లేదు. రోమ్ ఆరో రాజుగా చెప్పే ఇతన్ని రోమన్ చరిత్రకారులు బానిసరాలి కొడుకుగా చూపించారు. క్రీ.శ. 48లో క్లాడియస్ చక్రవర్తి సెనేట్ అనే పెద్దల సభలో మాట్లాడుతూ వేరే మాట చెప్పాడు: రోమ్‌కు ఉత్తరాన ఉండిన ఎట్రుస్కన్ల లెక్కలో ఇతని అసలు పేరు మస్తర్న, రోమ్‌కు వచ్చాక పేరు మార్చుకున్నాడు అని. ఆ ప్రసంగం చెక్కిన కంచు ఫలకం 1528లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో దొరికింది. ఇటలీలోని వుల్చీ దగ్గర 1857లో బయటపడిన ఒక ఎట్రుస్కన్ సమాధి గోడ మీద ఆ మస్తర్న పేరే రాసి ఉన్న వీరుడి బొమ్మ ఉంది. అంటే తుల్లియస్ పేరున్న మొదటి ప్రసిద్ధుడికే ఆ పేరు పుట్టుకతో వచ్చిందా అనే అనుమానం రెండు వేల ఏళ్లుగా ఉంది.

చరిత్రలో కనిపించే మొదటి తుల్లియా ఈ రాజు కూతురే, నిజానికి ఇద్దరు కూతుళ్లు. ఇద్దరి పేరూ తుల్లియానే. రోమన్ చరిత్రకారుడు లివీ చెప్పిన కథ ప్రకారం వాళ్లను టార్క్విన్ అన్నదమ్ములకు ఇచ్చి పెళ్లి చేశారు. నెమ్మదస్తురాలైన అక్కకు దుడుకు మొగుడు, దుడుకైన చెల్లెలికి నెమ్మదస్తుడు దొరికారు. చిన్న తుల్లియా తన బావతో చేతులు కలిపింది. అక్కా, తన మొగుడూ ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు, వీళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ తర్వాత ఆమె ప్రోద్బలంతోనే అతను సెనేట్ భవనంలో సింహాసనం ఎక్కి కూర్చుని, అడగడానికి వచ్చిన ముసలి రాజును మెట్ల మీంచి కిందికి తోసేశాడు. ఇంటికి పోతున్న రాజును దారిలో మనుషులు చంపారు. భర్తను అందరికంటే ముందు ‘రాజా’ అని పిలిచిన తుల్లియా బండిలో తిరిగి వస్తుంటే, ఎస్క్విలైన్ గుట్ట వైపు మలుపు దగ్గర బండివాడు పగ్గాలు లాగి ఆపేశాడు. ఎదురుగా నేల మీద పడి ఉన్న సెర్వియస్‌ను చూపించాడు. ఆమె తండ్రి శవం మీంచే బండి తోలించింది. చక్రాలకు అంటిన రక్తం ఆమె బట్టల మీదా పడిందని లివీ రాశాడు. ఆ వీధికి పాపపు వీధి అనే పేరు స్థిరపడింది. సంప్రదాయ లెక్కలో ఇది క్రీ.పూ. 535 నాటి మాట.

ఇది ఎంతవరకు జరిగిందో ఎంతవరకు కల్పనో తేల్చడం కష్టం. కానీ ఆ కథకు పక్కనే ఉన్న మరో కథను చూడాలి. ఈ తుల్లియా కొడుకు సెక్స్టస్ బలాత్కారం చేసిన ఇల్లాలు లుక్రీషియా. ఆమె ప్రాణం తీసుకోవడంతో జనం తిరగబడి క్రీ.పూ. 509లో రాజరికాన్ని కూల్చారు. శాపనార్థాల మధ్య తుల్లియా ఊరు విడిచి పారిపోయింది. ఒకే కథలోని ఈ ఇద్దరు ఆడవాళ్లలో లుక్రీషియా పేరు ఇటలీలో లుక్రేజియాగా ఎన్నో ఇళ్లలో వినపడింది. తుల్లియా పేరుకు ఆ ఆదరణ రాలేదు. రోమన్ల కాలంలో ఈ చెడ్డపేరు లెక్కలోకి రాలేదు, ఎందుకంటే తుల్లియస్ వంశంలో పుట్టిన పిల్లకు వేరే దారి లేదు. తల్లిదండ్రులు ఏరికోరి పేరు పెట్టుకునే కాలం వచ్చాకే కథ బరువు పేరు మీద పడింది.

మనసుకు దగ్గరగా వచ్చే తుల్లియా మాత్రం ఈ రాజకుమార్తె కాదు. నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాక, రోమ్‌కు దూరంగా ఆర్పినమ్ అనే ఊరి కుటుంబం నుంచి వచ్చిన వక్త సిసిరో కూతురు. సిసిరోకు ఆ రాజుతో చుట్టరికం లేదు. రాజులు పోయిన పదో ఏట కాన్సుల్ (ఏడాదికి ఎన్నికయ్యే అత్యున్నతాధికారి) అయిన మరో తుల్లియస్ వంశం తనదని చెప్పుకుంటే అది అబద్ధపు వంశావళే అవుతుందని ఆయనే ఒకచోట రాశాడు. ఒకే వంశనామం ఉన్నంత మాత్రాన ఒకే రక్తం కాదని ఆయనకు బాగా తెలుసు.

ఆమె క్రీ.పూ. 79 లేదా 78లో ఆగస్టు 5న పుట్టింది. తండ్రి ఉత్తరాల్లో ఆమె తుల్లియోలా, అంటే చిట్టి తుల్లియా. ప్రాణస్నేహితుడు అట్టికస్‌కు క్రీ.పూ. 67లో రాసిన ఉత్తరంలో ఒక ముచ్చట ఉంది. అట్టికస్ ఆ పిల్లకు ఏదో కానుక తెస్తానని మాటిచ్చి మరిచిపోయినట్టున్నాడు. చిట్టి తుల్లియా నీ కానుక కోసం పట్టుబడుతోంది, నేను నీకు హామీదారునట, నా మీద దావా వేస్తోంది అని సిసిరో రాస్తాడు. లాయరు ఇంట్లో పెరిగిన పిల్ల ఆట అది. అదే కాలంలో ఒక్క వాక్యంలో ఆమె నిశ్చితార్థం కబురు కూడా రాశాడు. అప్పటికి ఆమెకు పన్నెండేళ్లు అటూ ఇటూ.

మొదటి భర్త పైసో. సిసిరో దేశం విడిచి వెళ్లాల్సి వచ్చినప్పుడు మామ కోసం గట్టిగా తిరిగిన మనిషి, ఆయన తిరిగి వచ్చేలోపే చనిపోయాడు. క్రీ.పూ. 57 ఆగస్టు 5న సిసిరో దక్షిణ ఇటలీలోని బ్రుండీసియం రేవులో దిగితే ఒడ్డున ఎదురుచూస్తున్నది తుల్లియా. అది ఆమె పుట్టినరోజు. రెండో పెళ్లి విడాకులతో ముగిసింది. మూడో భర్త డోలబెల్లా సీజర్ పక్షం మనిషి. ఆ కాపురం కూడా నిలవలేదు. క్రీ.పూ. 45 జనవరిలో ఆమె ఒక కొడుకును కన్నది. ఫిబ్రవరిలో టస్కులమ్‌లోని తండ్రి ఇంట్లో చనిపోయింది. ముప్పై మూడేళ్లు ఉండవచ్చు.

ఆ తర్వాత సిసిరో ఆస్టురా అనే సముద్రతీరపు ఇంటికి వెళ్లిపోయాడు. పొద్దున్నే దట్టమైన ముళ్ల అడవిలోకి వెళ్లి దాక్కుంటాను, సాయంత్రం దాకా బయటికి రాను అని అట్టికస్‌కు రాశాడు. కూతురికి సమాధి కాదు, గుడి కట్టాలని పట్టుబట్టాడు. సమాధికి చట్టం పెట్టిన హద్దు దాటి ఖర్చు చేస్తే దాటినంత సొమ్ము ప్రభుత్వానికీ కట్టాలి, అది ఒక చిక్కు. కానీ అసలు కారణం ఆమెను దేవతగా నిలపాలన్న కోరిక. టైబర్ నది అవతల ఏ తోట కొనాలి, ఎవరు అమ్ముతారు, ధర ఎంత అని నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి. గుడి కట్టలేదు. తనను తాను ఓదార్చుకోవడానికి రాసిన పుస్తకం కాలంలో కలిసిపోయింది. ఏథెన్స్ నుంచి సెర్వియస్ సుల్పిసియస్ అనే స్నేహితుడు రాసిన ఓదార్పు ఉత్తరం మాత్రం మిగిలింది. ఓడలో వస్తుంటే ముందు మెగారా, వెనక ఏజీనా, కుడివైపు పిరేయస్, ఎడమవైపు కోరింత్ కనిపించాయి, ఒకప్పుడు వెలిగిన ఊళ్లన్నీ శిథిలాలై పడి ఉన్నాయి, ఊళ్లే చచ్చిపోతుంటే మనుషులం మనమెంత అని అతను రాశాడు. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రికి అది ఎంత పనికొచ్చిందో చెప్పలేం. తుల్లియా అనే పేరు చదువుకున్నవాళ్ల జ్ఞాపకంలో నిలిచింది మాత్రం ఈ ఉత్తరాల వల్లే.

రోమన్ శాసనాల్లో, సమాధి రాళ్ల మీద తుల్లియాలు ఇంకా కనిపిస్తారు. వాళ్లంతా పెద్దింటివాళ్లు కారు. బానిసను విడుదల చేస్తే యజమాని వంశం పేరు ఆ బానిసకు వచ్చేది. సిసిరో రాయసగాడు టైరో అలాగే మార్కస్ తుల్లియస్ టైరో అయ్యాడు. తుల్లియస్ ఇంటి బానిస స్త్రీ విడుదలైతే ఆమె తుల్లియా. కాబట్టి రాయి మీద ఆ పేరు చూడగానే సిసిరో బంధువని అనుకోకూడదు. ఒక వంశనామం ఎంత పాకుతుందన్నది రాజకీయం మీదా ఆధారపడింది. క్రీ.శ. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వేచ్ఛా జనం దాదాపు అందరికీ పౌరసత్వం ఇచ్చాడు. ఆయన వంశనామం ఆరీలియస్. దాంతో ఈజిప్టు నుంచి సిరియా దాకా రాత్రికి రాత్రి లక్షల మంది ఆరీలియస్‌లు, ఆరీలియాలు అయ్యారు. తుల్లియస్ వంశంలో చక్రవర్తి ఎవరూ లేరు, వాళ్ల పేరుకు ఆ ఊపు రాలేదు.

అసలు దెబ్బ తర్వాత పడింది. పశ్చిమాన రోమన్ పాలన కూలాక వంశనామాల పద్ధతే పోయింది. పేరు బతకాలంటే దాన్ని మోసే చర్చి కావాలి. జూలియాకు, సిసిలియాకు, వలేరియాకు, యూజీనియాకు అమరవీరులైన పునీతులు ఉన్నారు. జూలియా, క్లాడియా, ద్రుసిల్లా పేర్లు కొత్త నిబంధనలోనే ఉన్నాయి. తెలుగు బైబిల్లో రోమా పత్రిక చివర యూలియా, తిమోతికి రాసిన రెండో పత్రిక చివర క్లౌదియ, అపొస్తలుల కార్యాల్లో ద్రుసిల్ల కనిపిస్తారు. ఆ గ్రంథం ఏ భాషలోకి వెళ్లినా ఆ పేర్లూ వెళ్లాయి. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో జూలియాలు, సిసిలియాలు ఉండడానికి దారి ఇదే. తుల్లియా బైబిల్లో లేదు. పునీతురాలు లేకపోలేదు: అయిదో శతాబ్దంలో లియోన్ బిషప్ యూకీరియస్ కూతురని సంప్రదాయం చెప్పే తుల్లియా. దక్షిణ ఫ్రాన్స్‌లో మనోస్క్ పక్కన ఆమె పేరుతో సెయింట్ తుల్ అనే ఊరే ఉంది. కానీ ఆమె కీర్తి ఆ ప్రాంతం దాటలేదు. జూలియాకూ తుల్లియాకూ మధ్య పెద్ద తేడా ఇక్కడే వచ్చింది.

మధ్యయుగంలో ఈ పేరు బతికింది తండ్రి రూపంలో. అప్పట్లో సిసిరోను తుల్లియస్ అనే పిలిచేవారు. డాంటే తన కావ్యంలో తుల్లియో అన్నాడు, ఇంగ్లిష్‌లో టల్లీ అన్నారు. ఇటలీలో మగవాళ్లకు తుల్లియో పేరు నిలదొక్కుకుంది కూడా. ఐన్‌స్టైన్ సాపేక్ష సిద్ధాంతానికి అవసరమైన గణితాన్ని తీర్చిదిద్దినవారిలో ఒకరైన తుల్లియో లెవీ చివిటా ఆ పేరువాడే. పాత గ్రంథాల మీద మోజు పెరిగిన పదిహేనో శతాబ్దంలో ఆడపేరు కూడా మళ్లీ నోళ్లలో నానింది. 1485 ఏప్రిల్‌లో రోమ్ బయట అప్పియన్ దారిలో పనివాళ్లకు ఒక పాలరాతి శవపేటిక దొరికింది. లోపల సుగంధ లేపనం పూసిన ఒక అమ్మాయి దేహం చెక్కుచెదరకుండా ఉంది. కాపిటోలైన్ గుట్ట మీద పెడితే ఊరంతా విరగబడి చూసింది. సిసిరో కూతురే అని చాలామంది తేల్చేశారు. పిల్ల ఈడు చూస్తే అది కుదరదు, అయినా జనానికి ఆ పేరే నచ్చింది. జనం తాకిడి చూసి పోప్ ఎనిమిదో ఇన్నోసెంట్ ఆ దేహాన్ని రాత్రివేళ రహస్యంగా పూడ్పించాడు. తర్వాత ఇంకో కథ పుట్టింది: తుల్లియా సమాధిలో పదిహేను వందల ఏళ్లు ఆరకుండా వెలిగిన దీపం ఉందని. ఇంగ్లిష్ కవి జాన్ డన్ 1613 నాటి పెళ్లి కవితలో ఆ దీపాన్ని ప్రస్తావించాడు.

పదహారో శతాబ్దానికి ఈ పేరుతో ఒక కవయిత్రి వచ్చింది, తుల్లియా దారగోనా. వేశ్యావృత్తిలో ఉంటూనే పెద్ద పండితులతో సమానంగా చర్చలు నడిపిన మనిషి. 1547లో ఫ్లారెన్స్‌లో అమల్లో ఉన్న చట్టం ఆమె పసుపు గుర్తున్న ముసుగు వేసుకోవాలంది. ఆమె ఆ ఊరి పాలకుడైన డ్యూక్ భార్య, డచెస్ ద్వారా అర్జీ పెట్టుకుంది. డ్యూక్ కోసిమో ఆ కాగితం మీద కవయిత్రి కాబట్టి మినహాయింపు ఇవ్వండని రాశాడు. అదే ఏడాది ప్రేమకు అంతముందా అన్న విషయం మీద ఆమె రాసిన సంభాషణ గ్రంథం అచ్చయింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ పేరును గౌరవంగా నిలబెట్టినవారు తుల్లియా జేవీ. 1919లో మిలాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, యూదుల హక్కులు లాక్కున్న 1938 జాతి చట్టాల వల్ల దేశానికి దూరమై, యుద్ధం తర్వాత తిరిగి వచ్చి, నాజీ నాయకుల మీద జరిగిన నురెంబర్గ్ విచారణలను రిపోర్ట్ చేసిన జర్నలిస్టు. 1983 నుంచి 1998 దాకా ఇటలీ యూదు సంఘాల సమాఖ్యకు అధ్యక్షురాలిగా ఉన్నారు. 2011లో చనిపోయారు.

మరి ఇప్పుడు ఎంతమంది పెట్టుకుంటున్నారు? అరుదు అన్నది ఎలా కొలుస్తారో తెలుసుకోవాలి. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ విభాగం 1880 నుంచి పుట్టిన పిల్లల పేర్లను లెక్కగట్టి ఏటా మొదటి వెయ్యి పేర్లకు ర్యాంకులు ఇస్తుంది. ఒక ఏడాదిలో అయిదుగురికి తక్కువగా ఉన్న పేరును వ్యక్తిగత గోప్యత కోసం బయటపెట్టదు. ఇంగ్లండ్, వేల్స్ లెక్కల్లో ఆ గీత ముగ్గురి దగ్గర ఉంటుంది. జూలియా 1880 నుంచి ఏ ఏడాదీ అమెరికా మొదటి వెయ్యి నుంచి జారిపోలేదు. తుల్లియా ఒక్కసారి కూడా ఎక్కలేదు. అయితే ర్యాంకు లేదంటే పేరు లేదని కాదు, వెయ్యి కిందున్న పేర్లు వేలల్లో ఉంటాయి.

కాలం మాత్రం ఈ పేరుకు అనుకూలంగానే ఉంది. 2019 నుంచి వరుసగా కొన్నేళ్లు అమెరికాలో మొదటి స్థానం ఒలీవియాది. అమీలియా, సోఫియా, మియా కూడా పైవరుసలోనే ఉన్నాయి. ‘ఇయా’ అని ముగిసే పేర్లు చెవులకు అలవాటయ్యాయి. దశాబ్దాల పాటు కనిపించకుండా పోయిన ఆరీలియా 2010ల్లో మళ్లీ మొదటి వెయ్యిలోకి వచ్చింది. అందరికీ ఉన్న పేరు వద్దు, కానీ వింతగానూ ఉండకూడదు అనుకునే తల్లిదండ్రులు పాత రోమన్ వంశనామాల వైపే చూస్తున్నారు. ఆ వరుసలో తుల్లియాకు చోటుంది. అమెరికాలో పిల్లలకు తెలుగు ఇంట్లోనూ స్కూల్లోనూ ఇబ్బంది లేకుండా పలికే పేరు వెతుక్కునే మనవాళ్లకు కూడా ఇది నోరు తిరగని పేరేమీ కాదు.

పెట్టుకునేవాళ్లకు ఎదురయ్యే టెన్షన్ ఉచ్చారణ దగ్గరే. లాటిన్‌లోనూ ఇటాలియన్‌లోనూ లకారం ఒత్తి తుల్లియా అంటారు. తెలుగు లిపిలో రాస్తే అది ఉన్నదున్నట్టు దిగుతుంది, చదవడంలో తప్పు పోదు. ఇంగ్లిష్ మాట్లాడేవాళ్లు మాత్రం ఒత్తు వదిలేసి టులియా అనో, టల్లియా అనో అంటారు. స్పెల్లింగ్‌లో ఒక ఎల్ తీసేసి రాసే రూపం కూడా తిరుగుతోంది. బర్త్ సర్టిఫికెట్‌లో, పాస్‌పోర్టులో రెండు ఎల్‌లు ఉన్న రూపమే పడేలా మొదట్లోనే చూసుకోవాలి. రోమన్ రాళ్ల మీద మామూలుగా చెక్కిందీ, ఇటలీలో నేటికీ రాసేదీ అదే.